దాగలి సంగతి తర్వాత, ముందు పట్టు చూసుకోండి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం దాగలి గురించే, అంటే కాలిన ఇనుముని మీద పెట్టి సుత్తితో కొట్టే ఇనుప దిమ్మ గురించి. దాగలి లేకుండా కమ్మరి పని మొదలుపెట్టొచ్చా, దాని బదులు ఏం వాడొచ్చు, ఎంత బరువుండాలి అని అడిగారు. అలాంటివాటికి కలిపి ఒకటే జవాబు రాస్తున్నాను. అదే కట్టలో చేతి మీద పడిన కాలిన మచ్చ గురించి ఒక ఉత్తరం ఉంది. నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించింది అది. అందుకే దానికి ఎక్కువ చోటిచ్చాను.

ప్రశ్న: అక్కా, నాకు 22 ఏళ్లు. సరదాగా ఇనుము పని నేర్చుకుంటున్నాను. దాగలి లేదు. అడుగున్నర పొడవున్న రైలు పట్టా ముక్క, పిడి విరిగిన 8 కిలోల సమ్మెట తల ఉన్నాయి. పట్టాని గ్రైండరుతో చెక్కి కొమ్ము (ఇనుము వంచడానికి ఒక పక్క ఉండే గుండ్రటి మొన) తీస్తే అసలు దాగలిలా ఉంటుందని స్నేహితుడు అంటున్నాడు. చెక్కమంటారా?

చెక్కొద్దు తమ్ముడూ. రెండు మూడు రోజులు గ్రైండరు పట్టుకుని కూర్చుంటే ఆకారం వస్తుంది గానీ, ఆ మేరకు బరువు పోతుంది. దాగలిలో మనకు కావలసింది ఆకారం కంటే ముందు సుత్తి కింద ఉండే బరువు. పట్టాని మామూలుగా పడుకోబెట్టి కొడితే, తలకీ అడుగుకీ మధ్య ఉన్న సన్నటి నడుము స్ప్రింగులా ఊగుతుంది. నువ్వు వేసిన దెబ్బలో కొంత ఆ ఊపుకే పోతుంది. అదే ముక్కని నిలువునా నిలబెట్టు. అప్పుడు ముక్క మొత్తం బరువు సుత్తికి సరిగ్గా కింద ఉంటుంది. మీటరుకు 50 నుంచి 60 కిలోలు తూగే పట్టా అయితే నీ ముక్క 23 నుంచి 27 కిలోలుంటుంది. మొదటి ఏడాది పనికి అది ధారాళంగా చాలు. కొట్టే చోటు చిన్నదే అయినా, సుత్తి ముఖం అంతకంటే చిన్నది కదా.

నేను మొదటి రెండేళ్లూ సమ్మెట తల మీదే పని చేశాను. లావుపాటి మొద్దులో ఉలితో గుంట తొలిచి, సమ్మెట తలని సగం దాకా దింపి, చుట్టూ చెక్క ముక్కలు బిగించాను. ఎత్తు ఎంతంటే, నిటారుగా నిలబడి చెయ్యి కిందికి వదిలి పిడికిలి బిగిస్తే, వేళ్ల కణుపులు దాగలి పైముఖానికి తగలాలి. అంతకంటే ఎత్తయితే భుజం నొప్పి, తక్కువైతే నడుం నొప్పి. మొద్దు కదలకూడదు. దాగలి ఎగిరిందంటే ఆ దెబ్బ ఇనుముకు చేరనట్టే.

రెండు జాగ్రత్తలు. సుత్తితో వట్టి దాగలిని గట్టిగా కొట్టొద్దు. రెండూ గట్టి ఉక్కే కాబట్టి పెచ్చు లేచి కంటికి తగలొచ్చు. సమ్మెట అంచులనీ, సుత్తి అంచులనీ కాస్త గుండ్రంగా అరగదియ్యి. అంచు వాడిగా ఉంటే ప్రతి దెబ్బా ఇనుము మీద గాటు పెడుతుంది. కొమ్ము విషయానికొస్తే, వైసులో (బల్లకి బిగించే ఇనుప పట్టులో) బిగించిన లావుపాటి గుండ్రటి కడ్డీ చాలు. కొక్కేలు దాని మీదే వంచుకోవచ్చు. పట్టా ఖంగున మోగి చుట్టుపక్కలవాళ్లకి ఇబ్బందైతే నడుముకి గొలుసు చుట్టు, చాలావరకు తగ్గుతుంది. ఇంకో మాట. పట్టాల పక్కన పడి ఉన్న ముక్క ఎవరూ వదిలేసింది కాదు. దాన్ని అడగకుండా తెచ్చుకోవద్దు.

ప్రశ్న: లారీ బ్రేక్ డ్రమ్ముతో కొలిమి చేశాను. గాలికి హెయిర్ డ్రయ్యర్. కడ్డీ కొస మాత్రం చిటపటమని రవ్వలు చిమ్ముతూ కాలిపోతోంది. రెండంగుళాల పైన చూస్తే ఇంకా ఎర్రగానే ఉంటోంది. బొగ్గు మంచిది కాదా?

బొగ్గు తప్పు కాదండీ. గాలి ఎక్కువైంది, కడ్డీని మరీ లోతుకు గుచ్చుతున్నారు. మీ డ్రమ్ములో గాలి అడుగు నుంచి వస్తుంది. గాలి గొట్టం నోటి దగ్గర ఇంకా ఖర్చు కాని ఆక్సిజన్ ఉంటుంది. కడ్డీ కొస అక్కడికి చేరితే బొగ్గుతో పాటు ఇనుమూ మండుతుంది. గాలి నోటికి పైన నాలుగైదు అంగుళాల మందాన నిప్పు ఉండేలా చూసుకోండి. కడ్డీని పైనుంచి పొడవకండి. పక్కనుంచి అడ్డంగా, పై పొరలోకి పెట్టి, మీద ఇంకో అంగుళం బొగ్గు కప్పండి. అక్కడికి వచ్చేసరికి గాలిలోని ఆక్సిజన్ బొగ్గుకే ఖర్చైపోయి ఉంటుంది, వేడి మాత్రం మిగులుతుంది. ఇనుము మీద పొలుసు, అంటే కాలి పెచ్చులుగా రాలే నల్ల పొర కూడా తక్కువ కడుతుంది.

హెయిర్ డ్రయ్యర్ గాలి ఇంత చిన్న నిప్పుకి చాలా ఎక్కువ. దాని మూతిని గొట్టంలోకి బిగించకుండా రెండు మూడు అంగుళాల దూరంలో పెట్టండి. దగ్గరికి జరిపితే గాలి పెరుగుతుంది, దూరం జరిపితే తగ్గుతుంది. నేను చేసింది అంతే. డ్రమ్ము మరీ వెడల్పుగా ఉంటే అనవసరంగా బొగ్గు తింటుంది. బంకమట్టి, ఇసుక, బూడిద కలిపి లోపల గిన్నెలా మెత్తండి. నాలుగైదు రోజులు ఆరనిచ్చి, చిన్న మంటతో మెల్లగా కాల్చండి. రాళ్లూ కాంక్రీటు ముక్కలూ మాత్రం పేర్చకండి. లోపల తేమ ఉంటే వేడికి పేలతాయి. కొలిమి నాలుగు గోడల మధ్య వద్దు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, ప్రాణాలు తీస్తుంది.

కొలిమి నీడలో ఉండాలి. ఎండలో ఇనుము రంగు కంటికి తెలియదు. మసక ఎరుపుకి వస్తే 700 డిగ్రీల సెల్సియస్ ప్రాంతం, నారింజ రంగుకు 950 దాకా, పసుపు పచ్చగా మెరిస్తే 1100 పైన. మామూలు ఎంఎస్ (మైల్డ్ స్టీల్, మెత్తటి ఉక్కు) రాడ్డుని నారింజ, పసుపు మధ్య కొట్టాలి. ఎరుపు మందగిస్తే ఆపాలి. ‘ఇంకో నాలుగు దెబ్బలు’ అనే ఆశతోనే సగం పగుళ్లు వస్తాయి.

ప్రశ్న: మేడం, నాలుగు నెలలుగా పని చేస్తున్నాను. మొన్న అరచేతి పొడవు పట్టీ ముక్కని కటింగ్ ప్లయర్‌తో పట్టుకుని కొడుతుంటే, ముక్క గిర్రున తిరిగి ఎగిరి మోచేతి కింద పడింది. రూపాయి బిళ్ళంత మచ్చ పడింది. ఇంకా మందపాటి గ్లవ్స్ కొనుక్కోమంటారా? పటకారు ఎప్పుడు కొనాలి?

మీ ఉత్తరం చదివి నా ఎడమ చీలమండ తడుముకున్నాను. నేను మొదలుపెట్టిన మూడో నెలలో, పైపులు బిగించే ప్లయర్‌తో పట్టుకున్న నాలుగంగుళాల ముక్క జారింది. జారి నేల మీద పడలేదు, బూటుకీ కాలికీ మధ్య సందులో పడింది. బూటు విప్పడానికి ఎంతసేపు పట్టిందో ఇప్పటికీ గుర్తుంది. 11 ఏళ్లైనా మచ్చ పోలేదు. మీకు చేతి మీద పడింది. కంటికి తగిలి ఉంటే ఏమయ్యేదో మీకు నేను చెప్పనక్కర్లేదు.

గ్లవ్స్ దీనికి మందు కాదు. ముక్క ఎందుకు తిరిగిందో చూడండి. ప్లయర్ దవడలు ఒక చివర కలిసి, రెండో చివర తెరుచుకుని ఉంటాయి. మధ్యలో పట్టీ పెడితే రెండు దవడలూ దాన్ని పూర్తిగా తాకవు. రెండు గీతల మీదే పట్టు ఉంటుంది. దాని మీద సుత్తి దెబ్బ ఒక పక్కగా పడితే ముక్క ఆ గీతల మీద ఇరుసు మీద చక్రంలా తిరుగుతుంది. మీరు ఎంత గట్టిగా నొక్కినా ఇది జరుగుతుంది. కాబట్టి దాగలికి పెట్టే ఆలోచనలో సగం పట్టుకి పెట్టమని అందరినీ బతిమాలుతున్నాను. రాయి మీద కొట్టినా ఇనుము సాగుతుంది. పట్టు జారితే మనిషికి గాయం అవుతుంది.

మొదటి సలహా, పటకారు అక్కర్లేని పనులే చేయండి. 60, 70 సెంటీమీటర్ల కడ్డీ తీసుకుంటే రెండో చివరని వట్టి చేత్తో పట్టుకోవచ్చు. ఉక్కులో వేడి మెల్లగా పాకుతుంది. చివర కాస్త వెచ్చబడితే ఆ కొస మాత్రం నీళ్లలో ముంచితే చాలు. కొక్కెం, ఆకు, మెలి తిప్పిన పిడి అన్నీ కడ్డీ కొసనే తయారుచేసి, ఆఖర్న ఉలితో తెంపండి. మొదటి ఆరు నెలలకి ఈ పద్ధతి చాలు.

తర్వాత పటకారు. కొనొద్దు, చేసుకోండి. ఎందుకో నా అనుభవం చెబుతాను. నాకు పని నేర్పిన పెద్దాయన తన పాత పటకారు ఒకటి నాకిచ్చారు. ఆయన చేతులు పెద్దవి, నా అరచెయ్యి చిన్నది. పిడులు విచ్చుకుంటే నా వేళ్లు రెండో పిడిని అందుకునేవి కావు. నెల రోజులు మణికట్టు వాచింది. నాకు బలం చాలదనుకుని చాలా బాధపడ్డాను. ఆయన ఒకరోజు నా చెయ్యి చూసి, పటకారు అడిగి తీసుకుని, పిడుల్ని ఎర్రగా కాల్చి దగ్గరికి వంచి ఇచ్చారు. ఆ మధ్యాహ్నం నుంచే ముక్క జారడం ఆగింది.

పట్టీ ఇనుముతో చేసుకునే సులువైన పటకారు ఇది. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 6 మిల్లీమీటర్ల మందం, 40 సెంటీమీటర్ల పొడవున్న పట్టీలు రెండు. మామూలు ఎంఎస్ అయితేనే మంచిది. పని మధ్యలో పటకారు వేడెక్కితే నీళ్లలో ముంచుతాం. స్ప్రింగు ఉక్కు అయితే ఆ ముంచడంతో పెళుసెక్కి ఒకరోజు విరుగుతుంది. ఎంఎస్‌లో కార్బన్ తక్కువ, ఆ భయం లేదు. ఒక కొస నుంచి 7 సెంటీమీటర్ల దూరంలో 8 మిల్లీమీటర్ల రంధ్రం వేయండి. డ్రిల్లుతో వేసినా తప్పు లేదు. ఇప్పుడు రంధ్రానికీ ఆ కొసకీ మధ్య భాగాన్ని నారింజ రంగు దాకా కాల్చి, రంధ్రం వైపు వైసులో బిగించి, కొసని పావు చుట్టు తిప్పండి. దవడ తయారైంది. రెండో పట్టీని కూడా అదే దిక్కుకు తిప్పాలి. అందరూ పొరపాటు పడేది ఇక్కడే. ఎడమ చెయ్యి, కుడి చెయ్యిలా ఎదురెదురుగా చేయాలనుకుని ఒకటి అటు, ఒకటి ఇటు తిప్పుతారు. అలా చేస్తే రెండు పట్టీలని కత్తెరలా దాటించి బిగించాక దవడలు ఒకదానికొకటి ఎదురుపడవు. రెండు ముక్కలూ అచ్చు ఒకేలా ఉండాలి. ఒకదాన్ని తిరగేసి రెండోదాని మీద పెడితే అప్పుడు కుదురుతాయి.

రంధ్రంలో 8 మిల్లీమీటర్ల కడ్డీ ముక్కని దూర్చి, రెండు పక్కలా కాస్త బయటికి వదిలి, కాల్చి, కొసలు గొడుగులా పరుచుకునేలా కొట్టండి. బిగుసుకుపోయి కదలదు. కంగారు పడకండి. కీలు మొత్తాన్ని ఎర్రగా కాల్చి, చల్లారుతుంటే తెరుస్తూ మూస్తూ ఉండండి, వదులవుతుంది. చివరి పని అన్నిటికంటే ముఖ్యం. మీరు ఎక్కువగా పట్టుకునే మందం ఎంతో, అంత మందమున్న చల్లటి ముక్కని కాలిన దవడల మధ్య పెట్టి, పై నుంచి సుత్తితో కొట్టి అద్దండి. దవడలు రెండూ కొస నుంచి మొదలు దాకా ముక్కకి ఆనుకోవాలి. అదే వేడి మీద పిడుల్ని వంచి, ముక్క పట్టులో ఉన్నప్పుడు పిడుల మధ్య రెండు వేళ్ల సందు ఉండేలా, మీ చేతికి సరిపోయేలా సర్దుకోండి. ఒక్కో మందానికి ఒక్కో పటకారు కావాలి. నా దగ్గర తొమ్మిది ఉన్నాయి, ఎక్కువగా వాడేది మూడే. పిడుల మీదికి జారే ఇనుప రింగు ఒకటి చేసుకుంటే, దాన్ని వెనక్కి నెట్టి బిగిస్తే చేతికి నొక్కే శ్రమ కూడా ఉండదు.

ఇప్పుడు గ్లవ్స్ సంగతి. సుత్తి పట్టే చేతికి నేను వేసుకోను. పిడి పట్టు తెలియదు, జారుతుంది. పటకారు చేతికి వదులుగా ఉండే తోలు గ్లవ్, విదిలిస్తే ఊడిపోయేది ఒకటి చాలు. తడి గ్లవ్‌తో వేడి ఇనుము ముట్టుకోవద్దు, నీరు ఆవిరై చేతిని ఉడికిస్తుంది. నల్లగా కనబడే ఇనుముని నమ్మొద్దు. 400 డిగ్రీల దగ్గర కూడా అది నల్లగానే ఉంటుంది. ముట్టుకునే ముందు చేతి వెనక భాగాన్ని దగ్గరగా తెచ్చి వేడి చూడండి. కళ్లద్దాలు మాత్రం కొలిమి వెలిగించక ముందే పెట్టుకోండి, ఆర్పాకే తీయండి.

ప్రశ్న: పాత జీఐ పైపు ముక్కలు కాల్చి వంచాను. తెల్లటి పొగ వచ్చింది. రాత్రికి చలి, జ్వరం, నోట్లో ఏదో లోహం రుచి. పొద్దుటికి తగ్గింది. మళ్లీ చేయొచ్చా?

చేయొద్దు. ఆ పైపు మీద పూత జింకు. జింకు 907 డిగ్రీలకే ఆవిరవుతుంది, మనం ఇనుముని అంతకంటే ఎక్కువ కాలుస్తాం. ఆ పొగ పీల్చిన కొన్ని గంటలకు వచ్చే చలిజ్వరం మీకు వచ్చింది. ఎక్కువమందికి ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. అలాగని దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఆయాసం గానీ దగ్గు గానీ ఉంటే ఈరోజే డాక్టరుకి ఏం పీల్చారో చెప్పి చూపించుకోండి. పూత ఉన్న ఏ బోల్టూ, ఏ గొలుసూ, ఏ స్పానరూ కొలిమిలో పెట్టకండి. కాడ్మియం పూత ఉన్న పాత బోల్టులు కొన్ని బంగారు రంగులో మెరుస్తాయి. ఆ పొగ జింకు కంటే చాలా ప్రమాదం, మనుషులు చనిపోయారు. పూతని కొలిమిలోనే కాల్చేసి తర్వాత వాడదామనే ఆలోచన కూడా వద్దు. ఆ పొగ వల్లే కదా ఈ భయమంతా.

ప్రశ్న: కమాను పట్టీతో (బండి కింద బరువు మోసే స్ప్రింగు పట్టీతో) చాకు చేశాను. నారింజ రంగు దాకా కాల్చి నీళ్లలో ముంచితే ‘టిక్’ మని చప్పుడు వచ్చింది. చూస్తే అంచు నుంచి మధ్యకి పగులు. మా తాతగారు ఉలులన్నీ నీళ్లలోనే ముంచేవారు. ఆయనకు పగలనిది నాకెందుకు పగిలింది?

ఆ టిక్ చప్పుడు విన్న రోజు ఇక పని సాగదు, నాకు తెలుసు. మూడు సంగతులు ఒకేసారి జరిగాయి. కమాను పట్టీ ఉక్కులో కార్బన్ 0.6 శాతం ప్రాంతంలో ఉంటుంది, దానితో పాటు క్రోమియం లాంటివీ కలుస్తాయి. అది నూనెలో చల్లబడినా చక్కగా గట్టిపడే ఉక్కు. నీళ్లు దానికి మరీ దూకుడు. రెండోది, మీరు అవసరానికి మించి కాల్చారు. అతిగా కాలితే ఉక్కు లోపలి రేణువులు పెద్దవై పెళుసవుతుంది. మూడోది మీ చేతిలో లేనిది. ఏళ్ల తరబడి బరువు మోసిన పట్టీలో కంటికి కనబడని పగుళ్లు ముందే ఉండొచ్చు.

ఎంత కాల్చాలో చెప్పడానికి అయస్కాంతం ఉంది. 770 డిగ్రీల దగ్గర ఉక్కు అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. దారానికి కట్టిన చిన్న అయస్కాంతం పక్కన పెట్టుకోండి. అంటుకోవడం మానాక ఇంకాస్త, రంగు ఒక్క ఛాయ పెరిగేదాకా కాల్చి, 50, 60 డిగ్రీలకు వెచ్చబెట్టిన వంటనూనెలోకి కొస ముందుగా నిటారుగా దించండి. పక్కలకి ఊపితే చాకు వంగిపోతుంది. నూనె ఇనుప డబ్బాలోనే ఉండాలి. దాని మీదికి సరిపోయే ఇనుప మూత చేతికందే దూరంలో ఉండాలి. మంట లేస్తే మూత వేయండి, నీళ్లు పోయొద్దు. తర్వాత ఆకురాయితో గీకి చూడండి. కొరక్కుండా జారితే గట్టిపడినట్టే. అప్పటికి అది గాజుతో సమానం. వెంటనే 200 నుంచి 220 డిగ్రీల ఓవెన్‌లో గంట చొప్పున రెండుసార్లు వేడిచేస్తే పెళుసుదనం తగ్గుతుంది.

ఇక తాతగారి సంగతి. బహుశా ఆయన వాడింది నీళ్లకి తట్టుకునే సాదా కార్బన్ ఉక్కు. అది కాక, ఉలిని ముంచే పద్ధతే వేరు. మొత్తం ముంచరు. కొస రెండంగుళాలు కాల్చి, అందులో ముప్పావు అంగుళం మాత్రం ముంచి, మెల్లగా పైకీ కిందికీ ఆడిస్తారు. ఒకేచోట ఉంచితే నీటి గీత దగ్గర పగులుతుంది. బయటికి తీసి కొసని ఇటుక ముక్కతో గబగబా రుద్దితే ఉక్కు తెల్లగా మెరుస్తుంది. ముంచని భాగంలో మిగిలిన వేడి కొస వైపు పాకుతూ వస్తుంది. దాంతో పాటు రంగులు కదులుతాయి. ముందు లేత గడ్డి రంగు, వెనకాల గోధుమ, తర్వాత ఊదా, ఆ వెనక నీలం. గడ్డి రంగు అంటే 220, 230 డిగ్రీలు, ఊదా 275, నీలం 300కి దగ్గర. ఉలికి ఊదా రంగు అంచుకి చేరగానే మొత్తం నీళ్లలో వదిలేస్తారు. మొదటిసారి ఆ రంగులు నడిచి రావడం చూసినప్పుడు నేను మైమరచి నీలం దాటనిచ్చాను. ఉలి మెత్తబడిపోయింది, మళ్లీ మొదటి నుంచీ చేశాను.

మీరు కూడా చాకు పక్కన పెట్టి, ఒక కాయిల్ స్ప్రింగు ముక్కని తిన్నగా సాగదీసి ఉలి చేయండి, దాన్ని మాత్రం నూనెలోనే ముంచండి. పొరపాటు జరిగినా పోయేది అరగంట పనే. సరిగ్గా వస్తే రోజూ వాడుకునే పనిముట్టు మిగులుతుంది. ఏ ఉక్కో తెలియని ముక్క దొరికితే ముందు చిన్న తునక తెంపి, కాల్చి, ముంచి, సుత్తితో విరిచి చూడండి. విరక్కుండా వంగితే అది చాకుకి పనికిరాదు, కొక్కేలకు వాడుకోండి.

ప్రశ్న: మా అబ్బాయికి 13 ఏళ్లు. ఇనుము కొట్టడం నేర్చుకుంటానని గొడవ. ఒప్పుకోమంటారా?

ఒప్పుకోండమ్మా. కానీ పక్కన పెద్దవాళ్లు నిలబడి ఉండాలి, కాసేపు అటు వెళ్లొస్తామంటే కుదరదు. నూలు బట్టలు, తోలు బూట్లు, కళ్లద్దాలు. పాలిస్టర్ కరిగి ఒంటికి అంటుకుంటుంది. సుత్తి అర కిలోకి మించొద్దు. మొదటి నెల కొలిమే వద్దు. పిల్లలు బొమ్మలు చేసే రంగు మట్టిని కడ్డీలా చుట్టి సుత్తితో కొట్టమనండి. కాలిన ఇనుము ఎటు సాగుతుందో ఆ మట్టి కూడా అటే సాగుతుంది. నేను ఇప్పటికీ కొత్త ఆకారం ఏదైనా ముందు మట్టిలోనే చేసి చూసుకుంటాను.

ప్రశ్న: నాకు 67 ఏళ్లు, రిటైర్డ్ ఉపాధ్యాయుణ్ణి. కొక్కెం చేద్దామని కడ్డీ కొసని సన్నగా సాగదీస్తుంటే కొస చేప నోరులా చీలుతోంది. ఫోటో పంపుతున్నాను. గుండ్రటి కడ్డీ కదా అని గుండ్రంగానే కొడుతున్నాను.

మాస్టారూ, ఫోటో చూశాను. చీలిక లోతు పావు అంగుళమే, ఆ కొస తెంపేసి మళ్లీ మొదలుపెట్టొచ్చు. అలాగే మడిచి కొట్టి పూడ్చేద్దామనుకోకండి. లోపల పొర మిగిలి, కొక్కెం వంచేటప్పుడు అక్కడే విరుగుతుంది.

సుత్తి దెబ్బ పైపొరని ఎక్కువగా, లోపలిదాన్ని తక్కువగా సాగదీస్తుంది. వేడి తగ్గినా, దెబ్బలు తేలికైనా ఆ తేడా పెరుగుతుంది. పైపొర ముందుకు పరిగెత్తి, మధ్యభాగం వెనకబడి, కొసలో నోరు తెరుచుకుంటుంది. అందుకని పొడవాటి మొనకి తొందరపడకండి. పసుపు రంగు వేడి మీద, కొసని మాత్రం దాగలి అంచు దగ్గర పెట్టి, సుత్తిని కాస్త ఏటవాలుగా పట్టి, పెన్సిల్ ముల్లులా పొట్టి మొన కొట్టండి. అది కుదిరాక దాని వెనక భాగాన్ని సాగదీస్తూ వెనక్కి జరగండి.

గుండ్రటి కడ్డీని గుండ్రంగా కొట్టి సాగదీయడమే రెండో కారణం. ప్రతి దెబ్బకీ కడ్డీ అడ్డంగా బల్లపరుపవుతూ, మధ్యలో చిట్లుతుంది. ముందు నలుచదరం చేయండి. ఒక పక్క కొట్టి, పావు చుట్టు తిప్పి, ఇంకో పక్క కొట్టాలి. రెండే దిక్కులు, మూడోది వద్దు. నలుచదరంగానే కావలసినంత సన్నగా సాగదీసి, అప్పుడు నాలుగు మూలలూ తేలిగ్గా కొడితే ఎనిమిది పలకలవుతుంది. ఆ ఎనిమిది మూలలూ ఇంకా తేలిగ్గా కొడితే గుండ్రమవుతుంది. మధ్యలో చదరం వాలిపోయి గాలిపటం ఆకారానికి వస్తే, అలాగే కొనసాగించకుండా, పొడవాటి మూలని పైకి పెట్టి రెండు దెబ్బలు వేసి సరిచేసుకోండి.

మీ కొక్కేనికి 10 మిల్లీమీటర్ల కడ్డీ సరిపోతుంది. మొన కొసని ముందు చిన్న చుట్టలా వెనక్కి తిప్పి, ఆ తర్వాత పెద్ద వంపు వంచండి. ఇది తలకిందులైతే చుట్ట తిప్పడానికి సుత్తి లోపలికి పోదు. పెద్ద వంపు వంచేటప్పుడు చుట్ట మళ్లీ విప్పుకోకుండా దాన్ని నీళ్లలో ముంచి చల్లార్చి, వంపు భాగాన్ని మాత్రం వేడిగా ఉంచండి.

అయ్యాక తీగ బ్రష్‌తో పొలుసు రుద్దేసి, నీటి చుక్క వేస్తే చుయ్‌మని ఆవిరయ్యే వేడి మీద తేనెమైనం రాయండి. నల్లగా నిగనిగలాడుతుంది, ఇంట్లో ఉండే వస్తువుకి తుప్పు పట్టదు. అవిసె నూనె కూడా రాస్తారు. కానీ ఆ నూనె తుడిచిన గుడ్డని ఉండచుట్టి మూల పడేస్తే, దానంతట అదే వేడెక్కి అంటుకుంటుంది. విప్పి బయట ఆరేయండి, లేదా నీళ్ల బకెట్లో వేయండి.

కొక్కెం పూర్తయ్యాక ఇంకో ఫోటో పంపండి మాస్టారూ. చుట్ట లోపలి వైపు కూడా కనబడేలా తీయండి. పొర మిగిలిందో లేదో అక్కడే తెలుస్తుంది.